అయ్యబాబోయ్, క్రాంక్ బయటికొచ్చేసింది!

మీరెప్పుడైనా కారు ఇంజన్లోంచి క్రాంక్ షాఫ్ట్ పైకి లేవడం చూశారా? పుస్తకంలో బొమ్మ కాదండీ, ఫోన్లో వీడియో కూడా కాదు! ఎదురుగా నిలబడి, ముక్కుకి మాడిన ఆయిల్ వాసన తగులుతుండగా, రెండు నల్లటి చేతులు ఆ మెలికల ఉక్కుని బ్లాకులోంచి నిలువుగా పైకెత్తుతుంటే, చూశారా?

నేను చూశాను! కోహ్కాలో, మా వీధి చివరి రేకుల షెడ్డులో చూశాను!

చూసినప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. కూరలబ్బాయికి చెప్పాను. పక్కింటి వదినగారికి చెప్పాను. ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ, వాళ్లు ఎందుకు చేశారో అడక్కుండానే చెప్పేశాను. ఇక మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు!

ముందు నా అజ్ఞానం ఎంతటిదో విని నవ్వుకోండి. క్రాంక్ అంటే పాత నలుపు తెలుపు సినిమాల్లో కారు ముందు దూర్చి గిరగిరా తిప్పే వంకర కడ్డీ అనుకునేదాన్ని. ఆ కడ్డీ లోపల తిప్పేది ఈ క్రాంక్ షాఫ్ట్‌నేనట! ఇదీ ఇప్పుడే తెలిసింది! పిస్టన్లు పైకీ కిందకీ ఆడతాయని బళ్లో చెప్పారు. చక్రాలు గుండ్రంగా తిరగడం రోడ్డు మీద రోజూ చూస్తున్నాను. మరి పైకీ కిందకీ ఆడేది గుండ్రంగా తిరిగేదానిగా ఎక్కడ మారింది? ఎవరు మార్చారు? ఇన్నేళ్లొచ్చినా ఆ ప్రశ్న ఒక్కసారి కూడా నా బుర్రలోకి రాలేదంటే నమ్ముతారా!

అదీ ఎక్కడ పుట్టి పెరిగి? భిలాయిలో!

ఉక్కు ఊరండీ ఇది! 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేసుని ప్రారంభించిన ఊరు. 130 మీటర్ల రైలు పట్టాని ఒకే ముక్కగా సాగదీసే ఊరు! శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మావాళ్లు పెట్టే బేడా సర్దుకుని వచ్చింది ఈ ఇనుము కోసమే. మా నాన్నగారూ అలా వచ్చినవారే. రిటైరయ్యాక ప్లాంటు సెక్టార్లో క్వార్టర్ ఖాళీ చేసి, సుపేలా దాటి కోహ్కాలో ఇల్లు కట్టుకున్నారు. కాబట్టి ఇనుమంటే నా లెక్కలో ఎప్పుడూ పెద్దదే. ఆకాశమంత చిమ్నీ, రాత్రిపూట ఎర్రబడే మబ్బు, కిలోమీటర్ల కొద్దీ గోడ. రెండు చేతుల్లో పట్టేంత ఉక్కు ముక్కలో ఇన్ని వింతలు దాక్కుని ఉంటాయని ఎవరైనా చెప్పారా నాకు? చెప్పలేదు!

ఇంతకీ సంగతేమిటంటే, నాన్నగారి పాత మారుతి 800. ఆ కారంటే ఆయనకి ప్రాణం. 1983 డిసెంబరు 14న మొట్టమొదటి మారుతి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారని, 2014 జనవరిలో ఆ బండి తయారీ ఆపేశారని మా ఇంటికి వచ్చిన అల్లుళ్లందరికీ వినిపిస్తారు. అలాంటి కారు కింద ఓ రాయి తగిలింది. అడుగున ఆయిల్ నిలవుండే చాంబర్‌కి చిల్లు పడింది. ఆయిల్ దారి పొడుగునా కారిపోయింది. ఎర్ర దీపం వెలిగింది. తర్వాత లోపల్నుంచి టక్ టక్ టక్ అని ఒకటే శబ్దం!

మా వీధి మేస్త్రి ఇంజన్ స్టార్ట్ చెయ్యనివ్వలేదు. కారుని తోయించుకెళ్లి, చాంబర్ చిల్లు చూసి, శబ్దం ఎలా వచ్చిందో నాన్నగారి నోటితో అనిపించుకుని విన్నాడు. ఎనభయ్యేళ్లకి దగ్గరపడుతున్న మనిషి నడి వీధిలో నిలబడి టక్ టక్ అంటుంటే నాకు నవ్వాగలేదు. మేస్త్రి నవ్వలేదు. "కిందనుంచి వస్తన్నాది బాబూ. మెటల్ పోయినాది. క్రాంక్ దించాల" అన్నాడు.

క్రాంక్ దించాల! ఆ రెండు ముక్కలకే నాకు ఒళ్లు జలదరించింది. "మావయ్యా, నేనూ చూడొచ్చా?" అని అడిగేశాను. ఆయన నా చీరకేసి, చెప్పులకేసి చూసి, "సూడ్డానికేటుందమ్మా, ఇనప ముక్క" అన్నాడు.

ఇనప ముక్కట! వినండిక!

నేను వెళ్లేసరికి ఇంజన్ బయట ఉంది. చైన్ కుప్పీకి వేలాడదీసి కార్లోంచి పైకి లేపేశారు. గేర్ బాక్సు విడిపోయింది, పైనున్న హెడ్ విప్పేశారు. ఇంజన్ బయటికొస్తే ఎంత చిన్నదండీ! అంత కారుని, అందులో అయిదుగురిని, డిక్కీలో బియ్యం బస్తాని లాగింది ఇదా! మేస్త్రి, ఆయన దగ్గర పనిచేసే ఛత్తీస్‌గఢీ కుర్రాడు కలిసి దాన్ని బల్ల మీద తలకిందులుగా పెట్టారు. క్రాంక్ ఉండేది అడుగున. బయటికొచ్చేది కూడా ఆ వైపునుంచే. అందుకని ఇంజన్ శీర్షాసనం వెయ్యాలన్నమాట!

మొదటి యుద్ధం ముందు పుల్లీ బోల్టుతో. అబ్బబ్బ, ఏం మొండితనం! కుర్రాడు గోటీ పానా వేసి వేలాడాడు. కదల్లేదు. మేస్త్రి ఓ స్క్రూడ్రైవర్‌ని వెనకనున్న ఫ్లైవీల్ పళ్లలో అడ్డం పెట్టి, పానాకి బారెడు ఇనప గొట్టం తొడిగి, ఒక్క విసురు. టంగ్! ఆ చప్పుడుకి షెడ్డు రేకులు మోగాయి, నేను ఎగిరి గంతేశాను, బోల్టు లొంగిపోయింది!

ఆ తర్వాత వరసగా ఊడొచ్చేశాయి. టైమింగ్ కవరు, దాని వెనక పళ్ల బెల్టు, బెల్టుని తిప్పే చిన్న చక్రం, ఆ చక్రం జారిపోకుండా షాఫ్ట్ గాడిలో కూర్చున్న కీ. ఈ కీ అనేది గోరంత ముక్క! ఇది పోతే వాల్వులకీ పిస్టన్లకీ లెక్క తప్పిపోతుందట! మేస్త్రి దాన్ని ఊడదీసి సరాసరి జేబులో వేసుకున్నాడు, బల్ల మీద కూడా పెట్టలేదు. తర్వాత ముందువైపు ఆయిల్ పంప్, వెనకవైపు క్లచ్ ప్లేటు, దాని కింద ఫ్లైవీల్. ఆ ఫ్లైవీల్ బరువు చూడాలి! కుర్రాడు దాన్ని పొట్టకి ఆనించుకుని మోశాడు. పిస్టన్ తన్నే తన్నులు తెరలుతెరలుగా వస్తాయి కదా, ఆ తన్నుకీ ఈ తన్నుకీ మధ్య తిరుగుడు ఆగిపోకుండా తన బరువుతో లాక్కుపోయేది ఈ చక్రమేనట. దాని అంచున పళ్లు. మనం తాళం తిప్పగానే స్టార్టర్ వచ్చి కరుచుకునేది ఆ పళ్లనే!

ఇక చాంబర్. దాని చుట్టూ బుల్లి బుల్లి బోల్టులు, లెక్కపెట్టే ఓపిక నాకు లేకపోయింది. అన్నీ విప్పి, అంచు కింద రేకు దూర్చి తట్టగానే, చప్ మని జిగురు ఊడిన శబ్దం. మూత లేచింది.

అమ్మో! అప్పుడు కనబడింది!

నల్లటి నూనె పూసుకుని, మెలికలు మెలికలుగా, ఒక పక్కకి వంగి, మళ్లీ ఇంకో పక్కకి వంగి, మళ్లీ తిన్నగా వచ్చి, బరువైన రెక్కలతో, ఆ రెక్కల మధ్య మెరిసే గుండ్రటి మెడలతో... షాఫ్ట్ అంటే తిన్నటి కడ్డీ అనుకున్నాను నేను! ఇది తిన్నగా లేనే లేదు! వంకరగా ఉండటమే దీని ఉద్యోగం!

ఆ వంకరలో ఉన్న లెక్క వింటే మీకు మతి పోతుంది. మారుతి 800 ఇంజన్లో మూడు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ అడ్డం 68.5 మిల్లీమీటర్లు. పిస్టన్ పైనుంచి కిందకి ప్రయాణించే దూరం సరిగ్గా 72 మిల్లీమీటర్లు. మూడింటి ఖాళీ కలిపితే 796 సీసీ. బండి పేరులో 800 అక్కణ్నుంచే వచ్చింది! సరే, ఆ 72 ఎక్కడ్నుంచి వచ్చింది? క్రాంక్‌లోంచి! పిస్టన్ కడ్డీ తగులుకునే మెడ, అసలు షాఫ్ట్ నడుముకి 36 మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఉంటుంది. సగం చుట్టులో అది 36 పైన ఉన్నదల్లా 36 కిందకి వస్తుంది. ముప్ఫయ్యారూ ముప్ఫయ్యారూ డెబ్బయ్రెండు! అంతే! ఇంత పెద్ద రహస్యం ఇంత చిన్న కూడికలో ఉందా!

మా అమ్మమ్మ తిరగలి గుర్తొచ్చింది నాకు. తిరగలి పిడి నడిమధ్యలో ఉండదు కదా, అంచుకి దగ్గరగా ఉంటుంది. చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడుతుంది, రాయి గుండ్రంగా తిరుగుతుంది. క్రాంక్ అంటే అదే! పిండి బదులు ప్రయాణం, చెయ్యి బదులు పిస్టన్, అదీ ఒకటి కాదు, మూడు. ఆ మూడు పిడులూ ఒకే వైపు లేవు. ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంతో మూడు దిక్కులకి తిరిగి ఉన్నాయి. ఎందుకంటే మూడు సిలిండర్లూ ఒకేసారి మండకూడదు, వంతులవారీగా మండాలి. మొదట ఒకటోది, తర్వాత మూడోది, ఆ తర్వాత రెండోది. రెండు చుట్లకి మూడు తన్నులు. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి, అంటే సెకనుకి 50! మనం "అబ్బ" అనేలోగా యాభై చుట్లు! ఆ సెకనులోనే 75 తన్నులు ఈ మెలికల ముక్క భరించాలి! కోహ్కా నుంచి సుపేలా ఆకాశగంగ కూరల బజారుకి వెళ్లొచ్చేసరికి ఎన్ని తన్నులు తింటుందో మీరే లెక్క వేసుకోండి. నేను వేద్దామని మొదలుపెట్టి, సున్నాలు చూసి దణ్ణం పెట్టేశాను.

ఇంకో వింత చెప్పనా? ఈ వంకర కడ్డీ కోసం పేటెంట్ తగువు నడిచింది! ఆవిరి ఇంజన్ జేమ్స్ వాట్ తెలుసు కదా, బళ్లో చదివాం. ఆయన ఇంజన్ పైకీ కిందకీ ఆడుతోంది, దాన్ని చక్రం తిప్పేలా చెయ్యాలి. ఆవిరి ఇంజన్‌కి క్రాంక్ పెడితే సరిపోతుంది కదా! కానీ అప్పటికే 1780లో జేమ్స్ పికార్డ్ అనే బర్మింగ్‌హామ్ ఆయన ఆ పేటెంట్ తీసుకుని కూర్చున్నాడు! తిరగలి పిడి మీద పేటెంటేమిటండీ, విడ్డూరం కాకపోతే! వాట్ గారు ఆ క్రాంక్ వాడలేక, ఒక చక్రం చుట్టూ ఇంకో చక్రం తిరిగే పళ్ల ఏర్పాటు ఒకటి చేసుకుని మరుసటేడు తన పేటెంట్ తను తీసుకున్నారు. అంత గొప్ప బుర్ర, ఒక వంకర కోసం చుట్టు తిరిగి వెళ్లింది! ఇది తెలిశాక జేమ్స్ వాట్ మీద నాకు కొత్తగా జాలి పుట్టుకొచ్చింది.

సరే, మళ్లీ షెడ్డుకి రండి, అసలు ఘట్టం మొదలవుతోంది.

మేస్త్రి ఇప్పుడు తొందర పూర్తిగా మానేశాడు. అంతదాకా గొట్టాలు తొడిగి విసుర్లు విసిరిన మనిషి, ఇప్పుడు ఆపరేషన్ బల్ల దగ్గర డాక్టరులా నెమ్మదించాడు. చాంబర్ తీశాక ముందు చేసిన పని ఏమిటో తెలుసా? బోల్టు ముట్టుకోలేదు! సన్నటి పంచ్ తీసుకుని, ప్రతి పిస్టన్ కడ్డీ మీదా, దాన్ని క్రాంక్ మెడకి పట్టి ఉంచే టోపీ మీదా చుక్కలు కొట్టాడు. ఒకటోదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. "ఒకదాని టోపీ ఇంకోదానికెడితే ఇంజన్ సచ్చిపోతాదమ్మా" అన్నాడు. కడ్డీనీ టోపీనీ కలిపి బిగించి ఆ గుండ్రటి కన్నాన్ని తొలిచి ఉంటారట. అంచేత ఏ కడ్డీకి ఆ టోపీయే. తిప్పి పెట్టినా ఒప్పుకోదు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి మరి! 

టోపీలు ఊడాయి. కడ్డీల చివర బోల్టులు కోరల్లా బయటికి పొడుచుకొచ్చాయి. కుర్రాడు వాటికి రబ్బరు గొట్టం ముక్కలు తొడిగాడు. ఎందుకో అర్థం కాలేదు. తర్వాత తెలిసి నోరు తెరిచాను. పిస్టన్‌ని తోసేటప్పుడు ఆ బోల్టు మర క్రాంక్ మెడకి గీసుకుంటుందేమోనని! అంత బరువైన ఉక్కు, అన్ని తన్నులు తిన్న ఉక్కు, దానికి ఒక్క గీత పడితే ఓర్చుకోదు! సుత్తి చెక్క పిడితో మెల్లగా తోస్తే పిస్టన్లు ఒక్కొక్కటే అవతలి వైపునుంచి జారి బయటపడ్డాయి.

ఇక మెయిన్ టోపీలు. క్రాంక్‌ని బ్లాకుకి పట్టి ఉంచేవి ఇవి, నాలుగు. ప్రతిదాని మీదా ఒక అంకె, ఒక బాణం గుర్తు పోత పోసినప్పుడే పోసేశారు! అంకె దాని వరస చెబుతుంది, బాణం పుల్లీ వైపు చూడాలి. ఎప్పుడో ఎక్కడో ఫ్యాక్టరీలో ఒకాయన, ముక్కూ మొహం తెలీని ఇంకో మేస్త్రి ఏదో ఒకనాడు దీన్ని విప్పుతాడని ముందే తలుచుకుని, ఇటు చూడాలి నాయనా అని బాణం గీసిపెట్టాడు! నాకు కళ్లు చెమర్చాయంటే అతిగా ఉంటుంది కానీ, కొంచెం చెమర్చాయి.

ఈ బోల్టులు ఒకేసారి విప్పెయ్యకూడదు. కొసలనుంచి మొదలెట్టి మధ్యకి రావాలి, అదీ విడతలు విడతలుగా. ఇది కొంచెం వదులు, అది కొంచెం వదులు, మళ్లీ ఇది, మళ్లీ అది. ఒక పక్కంతా విప్పేసి ఇంకో పక్క బిగుతుగా ఉంచితే షాఫ్ట్ మీద వంపు బలం పడుతుంది. మేస్త్రి చెయ్యి ఆ కొసకీ ఈ కొసకీ మారుతుంటే, కుర్రాడు పక్కనే ఇంజన్ ఆకారంలో అట్టముక్క మీద కన్నాలు చేసి, ఏ బోల్టు ఆ కన్నంలో గుచ్చుతున్నాడు. "మిలా దియా తో గయా", కలిపేశావో పోయినట్టే, అన్నాడు మేస్త్రి వాడితో. "హౌ ఉస్తాద్" అన్నాడు వాడు. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ ఆ ఒక్క బల్ల మీదే!

టోపీలు గట్టిగా పట్టుకున్నాయి. బోల్టుల్ని సగం దాకా మళ్లీ దూర్చి, వాటినే పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ఊపి ఊపి తీశాడు.

ఇక ఇప్పుడు చూడండి! క్రాంక్‌ని పట్టి ఉంచేది ఏదీ మిగల్లేదు. ఒక్క బోల్టు లేదు, వెల్డింగు లేదు, అతుకు లేదు! అది ఊరికే పడుకుని ఉంది! ఉయ్యాల్లో పడుకున్నట్టు, నాలుగు అరగుండ్రాల మీద ఊరికే పడుకుని ఉంది! మేస్త్రి రెండు కొసల్నీ రెండు చేతులతో పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టాను. వంచకుండా, పక్కకి జరపకుండా, నిలువునా పైకి ఎత్తాడు.

వచ్చేసింది!!!

నూనె బొట్లు టప్ టప్ మని కారుతున్నాయి. కిరసనాయిలుతో తుడిచేసరికి మెడలు తెల్లగా మెరిశాయి. రెక్కల మీద చిన్న చిన్న గుంట కన్నాలు. "ఇవేంటి మావయ్యా, పాడయ్యాయా?" అంటే, "తూకానికమ్మా" అన్నాడు. తిరిగేటప్పుడు ఒక పక్క బరువు ఎక్కువైతే ఇంజన్ అదురుతుంది కాబట్టి, ఫ్యాక్టరీలో తిప్పి చూసి, బరువున్న చోట అంత మేర తొలిచేస్తారు! రెక్కలు ఉన్నదే మెడల బరువుకి ఎదురు తూగడానికి. ఆ రెక్కల్లో మళ్లీ ఈ చిల్లర సర్దుబాటు!

ఇంకా ఉంది! మెడల మీద సన్నటి కన్నాలు. మేస్త్రి ఒక కన్నంలోకి గాలి గొట్టం పెట్టి కొట్టాడు. గాలి వేరే మెడ మీది కన్నంలోంచి, నూనె తుంపర్లతో సహా, నా మొహం మీదకి వచ్చింది! ఉక్కు లోపల, ఆ వంకరల గుండా, ఏటవాలుగా సొరంగాలు తొలిచారండీ! పంపు తోసిన ఆయిల్ ముందు మెయిన్ మెడకి వస్తుంది, అక్కణ్నుంచి ఈ సొరంగంలో పడి పిస్టన్ కడ్డీ మెడకి పోతుంది. ఇంత గట్టి లోహానికి లోపల నాళాలు! మొహం తుడుచుకుంటూ కూడా "మళ్లీ కొట్టు మావయ్యా" అన్నాను.

అన్నిటికంటే పెద్ద ఆశ్చర్యం ఇక్కడుంది, దగ్గరికి రండి. క్రాంక్ పడుకున్న ఆ అరగుండ్రాల్లో పల్చటి రేకులు ఉంటాయి. పుస్తకాల్లో బేరింగ్ షెల్స్, షెడ్డులో ఉత్త మెటల్. బాల్ బేరింగులు ఉంటాయనుకున్నాను, గోళీల్లాంటివి. లేవు! ఉక్కు వీపు మీద మెత్తటి లోహపు పూత, అంతే. వేలిగోటితో గట్టిగా నొక్కితే గీత పడేంత మెత్తన! సెకనుకి 50 చుట్లు తిరిగే ఉక్కు, ఇంత మెత్తటి రేకు మీద ఎలా నిలిచింది? అరిగిపోదా?

అరగదు, ఎందుకంటే తగలదు!

మళ్లీ చదవండి. తగలదు! తిరుగుతున్నప్పుడు క్రాంక్ ఆ రేకుని తాకనే తాకదు! రెండిటి మధ్యా ఆయిల్ పొర ఒకటి ఉంటుంది, వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. ఆ పొర మీద క్రాంక్ తేలుతూ తిరుగుతుంది! ఇంజన్ ఆపితే దిగి రేకు మీద కూర్చుంటుంది, తిరగడం మొదలెట్టగానే తన తిరుగుడుతోనే నూనెని కిందకి లాక్కుని, దాని మీదకెక్కి తేలుతుంది. మన కారు పరిగెట్టేది లోహం మీద కాదు, నూనె మీద!

దీన్ని కనిపెట్టిన తీరు ఇంకా బావుంది. 1880ల మొదట్లో ఇంగ్లండులో బ్యూషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. పైనుంచి నూనె పొయ్యడానికి బేరింగ్ నెత్తిన ఓ కన్నం పెట్టాడు. తీరా ఇరుసు తిప్పితే, నూనె లోపలికి పోవడం మానేసి ఆ కన్నంలోంచి పైకి తన్నుకొచ్చింది! చెక్క బిరడా కొట్టాడు. బిరడాని కూడా నూనె తోసేసింది! అప్పుడు అర్థమైంది, లోపల నూనె ఊరికే తడిపి కూర్చోలేదు, బరువంతా అదే మోస్తోందని. ఆ లెక్కని 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ తేల్చాడు. ఒక బిరడా ఎగిరితే ఒక శాస్త్రం పుట్టింది!

ఇప్పుడు మా కారుకి ఏమైందో మీకే తెలిసిపోయింది కదూ? ఆయిల్ పోయింది. పొర పోయింది. తేలాల్సింది నేల మీద పడింది. మేస్త్రి పాడైన రేకుల్ని నా అరచేతిలో పెట్టాడు. బూడిద రంగులో నున్నగా ఉండాల్సినవి గీతలు పడి, అక్కడక్కడ రాగి రంగు బయటపడి, ఒకటైతే చిట్లి ఉంది. అది తిరిగిన క్రాంక్ మెడ వేడికి నీలంగా మారింది. ఎంత అందమైన నీలమో! రోగం అంత అందంగా ఉండటం అన్యాయం! ఆ రేకు మెత్తగా ఉండటం ఊరికే కాదట. నలుసు పడితే తనలో దిగేసుకోవాలి, నూనె కరువైతే ముందు తను అరిగి క్రాంక్‌ని కాపాడాలి. రేకుల ఖరీదు కొంచెం, క్రాంక్ ఖరీదు ఘనం. ఎవరు ముందు పోవాలో తయారుచేసినవాళ్లే రాసిపెట్టేశారన్నమాట. నాకిది నచ్చింది, కొంచెం భయమూ వేసింది.

మేస్త్రి మైక్రోమీటర్ తీశాడు. ఒకే మెడని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఈ అంచున, ఆ అంచున కొలిచాడు. ఎందుకిన్నిసార్లు అంటే, అరిగిన మెడ గుండ్రం తప్పుతుంది, కోడిగుడ్డు వాటం వస్తుంది. కంటికి కనబడదు! నేను ఎంత తేరిపార చూసినా పూర్ణచంద్రుడిలాగే ఉంది. కొలిస్తే కాదు! రెండు మెడలు పోయాయి. ఇక పవర్‌హౌస్ దగ్గర నందినీ రోడ్డులో లేతు పనివాళ్ల దగ్గరికి పంపి, మెడలన్నీ పావు మిల్లీమీటర్ మేర గ్రైండింగ్ చేయించి, దానికి తగ్గట్టు మందం ఎక్కువున్న కొత్త రేకులు వెయ్యాలి. అలాంటి రేకులు కొట్లో విడిగా దొరుకుతాయట! అరిగినవాటికీ ఒక సైజు ఉంది లోకంలో! పావు సరిపోకపోతే అర మిల్లీమీటర్‌ది కూడా ఉంది.

పంపేదాకా క్రాంక్‌ని ఆయన గోడవారగా, గోనెసంచి మీద నిలబెట్టాడు. పడుకోబెట్టడట, తన బరువుకి తనే వంగుతుందని. ఇంత పొట్టి క్రాంక్ వంగుతుందా అని ఇంజనీరింగ్ చదివిన మా తమ్ముడు ఫోన్లో నవ్వాడు. వాడు నవ్వితే నవ్వనీండి. జీవితమంతా క్రాంకులు దించిన మనిషి నిలబెట్టమంటే నేను నిలబెట్టడం వైపే!

నాన్నగారు సాయంత్రం వచ్చి దాని ముందు కూర్చున్నారు. ప్లాంటులో అంత ఉక్కు చూసిన మనిషి, మెడ మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాశారు. "భలే నునుపే" అన్నారు. ఈ మెడలకి నునుపు ఇచ్చే పనితనం వేరు, పట్టాలు సాగదీసే పనితనం వేరు అని ఓ గంట ఉపన్యాసం ఇచ్చారు. మేస్త్రి టీ తెప్పించాడు. నేను ఆయిల్ చేతులతోనే తాగాను. కిరసనాయిలు వాసనతో టీ ఎంత బావుందో!

నామాటగా చెబుతున్నాను, మీరూ చూడండి! మీ వీధిలోనూ ఓ షెడ్డు ఉండే ఉంటుంది. కోహ్కాలో ఉన్నవాళ్లకి మా మేస్త్రిని చూపిస్తాను. విశాఖలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఉన్నవాళ్లకైతే కొదవే లేదు. వెళ్లి, "ఇంజన్ ఎప్పుడు విప్పుతున్నారు బాబూ?" అని అడిగి ఉంచుకోండి. చాంబర్ తీసే వేళకి ఉంటే చాలు, మొదట్నుంచీ నిలబడక్కర్లేదు. పాత బట్టలు కట్టుకోండి. బల్ల మీది బోల్టు ఒక్కటి కూడా ముట్టుకోకండి, వరస తప్పితే మేస్త్రి కోప్పడతాడు. గాలి గొట్టానికి ఎదురుగా మాత్రం నిలబడకండి. పిల్లల్ని తీసుకెళ్లండి, ముప్ఫయ్యారూ ముప్ఫయ్యారూ ఎంతో వాళ్ల చేతే కూడించండి.

తొందరగా వెళ్లండి సుమా! కరెంటు కార్లు వచ్చేస్తున్నాయి, వాటి మోటార్లో పిస్టన్ లేదు, క్రాంక్ లేదు, మొదట్నుంచీ గుండ్రంగానే తిరుగుతుంది. మంచిదే, కాదనను. కానీ దించడానికి అందులో ఏముందండీ? ఈలోగా వెళ్లి ఒక్క క్రాంక్ పైకి లేవడం చూసి రండి. ఇంటికి రాగానే, కారు ఉన్నవాళ్లు బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, ఆయిల్ ఎంతుందో చూసుకోండి.